సొరబుర్రలను గుమ్మం దగ్గర బల్లమీద కాదు, హాలు నడుమ పెట్టండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అనంతపురంలో మీరు ఏడుగురు కలిసి, కాలనీ సముదాయ భవనంలో సంక్రాంతికి మూడు రోజుల ప్రదర్శన పెట్టాలనుకుంటున్నారు. ఆరుగురు చిత్రాలు వేస్తారు. ఏడో మనిషి మీ అత్తగారు. ఆవిడ ఎండిన సొరబుర్రల మీద చెక్కుతారు, రంగులు అద్దుతారు. బుర్రలను గుమ్మం దగ్గర బల్ల వేసి అమ్మకానికి పెడదామని మిగతావాళ్లు అంటున్నారు, మీకు మనసొప్పడం లేదు. పైగా ఈ కార్తికంలో కోసిన పద్నాలుగు కాయల్లో రెండు పగిలాయి, కొన్నింటికి బూజు పట్టింది. ధరలు ఎలా కట్టాలో తెలియడం లేదు.

నేను డ్రాయింగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇరవై ఏళ్లుగా సొరబుర్రల మీద పనిచేస్తున్నాను. ఈ జిల్లాలో ఇలాంటి చిన్న ప్రదర్శనలు పెట్టేవాళ్లకు తోడుగా వెళుతుంటాను. నాకు అనుభవంలో తేలిన సంగతులే రాస్తాను.

ముందు కాయల సంగతి చెబుతాను, అది ఆలస్యమైతే చేతికి దక్కదు.

కాయలను మిద్దె మీద ఎండలో పెట్టామన్నారు. పగలడానికి కారణం అదే అయ్యుంటుంది. సొరకాయలో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. ఆ నీరంతా పెంకు గుండా మెల్లమెల్లగా బయటికి పోవాలి. ఎండ తగిలితే పైపొర ముందుగా బిగుసుకుంటుంది, లోపలి గుజ్జు ఇంకా తడిగానే ఉంటుంది, ఆ లాగుడుకు పెంకు చీలుతుంది. మిగిలిన పన్నెండు కాయలను ఈ రోజే కిందికి దించండి. నీడన, గాలి ఆడేచోట, నులక మంచం మీదో వెదురు తడిక మీదో ఒకదానికొకటి తగలకుండా పరచండి. వారానికోసారి తిప్పండి. చిన్న కాయకు రెండు మూడు నెలలు పడుతుంది. బిందెంత కాయకు ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

బూజుకు కంగారు పడకండి. నీరు బయటికి వచ్చేటప్పుడు తోలు మీద నలుపు, తెలుపు బూజు రావడం సహజమే. వేలితో గట్టిగా నొక్కి చూడండి. పెంకు లొంగకపోతే ఆ బూజు పైపైదే. అది వదిలిపోయే మచ్చలు ఒక్కోసారి మనం వేసే రంగుకన్నా అందంగా ఉంటాయి. వేలు దిగబడినా, కుళ్లు వాసన వచ్చినా ఆ కాయను పెంటకుప్పలో వేసేయండి, పక్కవాటికి అంటించకుండా. ఊపితే లోపల గింజలు గలగలమనాలి, చేతిలోకి తీసుకుంటే దూదిమూటలా తేలిపోవాలి. అప్పుడే అది బుర్ర. అంతవరకూ కాయే.

తొలి రోజుల్లో నాకు ఈ ఓపిక లేకపోయింది. ప్రదర్శన తేదీ దగ్గర పడిందని, గింజలు ఇంకా మోగని కాయ మీద రంగు వేసి వార్నిషు పూశాను. అది ఆరు వందలకు అమ్ముడుపోయింది. నెల తిరక్కుండా కొన్నావిడ దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చారు. రంగు పొక్కులు పొక్కులుగా లేచి, దాని కింద నల్లటి తడి మరక కనిపించింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. డబ్బు తిరిగి ఇచ్చాను కానీ ఆవిడ మళ్లీ ఏ ప్రదర్శనకూ రాలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఈ కార్తికపు కాయలు ఈ సంక్రాంతికి కావు, పై ఏటి సంక్రాంతికి. మీ అత్తగారి దగ్గర నిరుటి బుర్రలు తొమ్మిది సిద్ధంగా ఉన్నాయన్నారు. ఆ తొమ్మిదీ చాలు.

ఎండిన తరువాత చేసే పని కూడా చెబుతాను. బుర్రను గంటసేపు తడి గోనెపట్ట కింద ఉంచి, కొబ్బరి పీచుతో రుద్దండి. మైనంలాంటి పలచని పొర ఒకటి ఊడి వస్తుంది. అది మిగిలిపోయిన చోట ఏ రంగూ నిలవదు, ఏడాది తిరిగేసరికి పొలుసులై రాలుతుంది. కడిగాక మళ్లీ బాగా ఆరనిచ్చి, సన్నని ఎమరీ కాగితంతో ఒకసారి రుద్దండి. లోపలి ఎండుగుజ్జు గీకేటప్పుడు, ఎమరీతో రుద్దేటప్పుడు ముక్కుకు, నోటికి తప్పనిసరిగా మాస్కు ఉండాలి. ఆ దుమ్ము, ఆ బూజు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, దగ్గు పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. మీ అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని చేస్తారేమో, కొంగు సరిపోదని చెప్పండి. కమ్మీ కాల్చి గీసేటప్పుడు కూడా వాకిట్లో కూర్చోవాలి, మూసిన గదిలో ఆ పొగ పీల్చకూడదు.

వచ్చే ఏటికి విత్తనం తొలకరికే పెట్టండి. కూరకని అమ్మే రకాల పెంకు చాలావరకు పలచన, చెక్కితే ఉలి అవతలికి దిగిపోతుంది. కుండలా గుండ్రంగా కాసే నాటు రకం వెతకండి. తీగ ఎండి, తొడిమ గోధుమ రంగుకు తిరిగేదాకా కోయవద్దు, కోసేటప్పుడు తొడిమను బెత్తెడు ఉంచండి. ఇంకొక మాట, ఆ పాదు నుంచి కూరకు లేతకాయ కోసుకుంటే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి వండండి. సొర చేదుగా ఉంటే అది విషమే, ఉమ్మేసి పారేయాలి.

ఇక అసలు సంగతికి వస్తాను.

మీరు పంపిన ఫోటోలో ఉన్న బుర్రను చాలాసేపు చూశాను. నడుము చుట్టూ ఆడవాళ్ల వరుస. చెట్లు ముందు పోసుకుని వేరుశనగ కాయలు తెంపుతున్నారు. ఒకావిడ ఒళ్లో పసిబిడ్డ. ఆ పక్కనావిడ తల వెనక్కి తిప్పి ఎవరితోనో మాట్లాడుతోంది. ఎవరితోనో ఫోటోలో కనబడదు, బుర్ర అవతలి వైపుకు వెళ్లిపోయింది. ఆ మాట వింటున్న మనిషిని చూడాలంటే నేను దాని చుట్టూ తిరగాలి. ఆ వరుసకు మొదలు లేదు, చివర లేదు. ఎక్కడ మొదలుపెట్టి చూసినా తిరిగి అక్కడికే వస్తాం. మీ అత్తగారు ఇది తెలిసే చేశారు. చేలో కాయలు తెంపే పని కూడా అలాగే ఉంటుంది కదా, ఒక చెట్టు అయ్యాక ఇంకో చెట్టు.

గుమ్మం దగ్గర గోడకు ఆనించిన బల్లమీద పెడితే ఆ బుర్రలో సగం ఎవరికీ కనబడదు. నేను వద్దనడానికి కారణం ఇదే. ఆవిడ పెద్దావిడ కాబట్టి గౌరవించమని నేను అడగడం లేదు, ఆ పని అలా చూడవలసినది కాబట్టి అడుగుతున్నాను.

ఏ కళను ఎలా చూడాలో ఆ కళే చెబుతుంది. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో బొమ్మలు కప్పు మీద ఉన్నాయి. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరుపణ్ణ కట్టించిన గుడి అది. మెడ పైకెత్తి, మండపంలో నడుస్తూ చూస్తే తప్ప ఆ కథ సాగదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు తీసుకోండి. మేకతోలును పలచన చేసి, రంగులద్ది, ఆభరణాల చోట సన్నని చిల్లులు కొడతారు. వెనక దీపం ఉంటేనే ఆ ఎరుపు ఎరుపు. వెలుతురు లేని గోడకు తగిలిస్తే అదే బొమ్మ చచ్చిపోయినట్లు ఉంటుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడివాళ్లు అదే తోలుతో దీపపు గొడుగులు కూడా చేస్తున్నారు. వస్తువు మారింది కానీ వెనకనుంచి వెలుగు రావాలన్న నియమం మారలేదు. చిత్రాన్ని నిలబడి చూస్తాం, తోలుబొమ్మను వెలుగులో చూస్తాం, బుర్రను చుట్టూ తిరిగి చూస్తాం. మీ మిత్రులకు ఈ ఒక్క మాట చెప్పి చూడండి. వాళ్లూ బొమ్మలు వేసేవాళ్లే, తప్పక అర్థం చేసుకుంటారు.

కాబట్టి చిత్రాలు నాలుగు గోడలకు, బుర్రలు హాలు నడుమ. తొమ్మిదింటినీ ఒకే బల్లమీద గుంపు చేయకండి, సంతలో సరుకులా ఉంటుంది. మూడున్నర అడుగుల ఎత్తున విడివిడి పీటలు కావాలి. కొత్తవి చేయించనక్కరలేదు. ఎత్తు స్టూళ్లు తెచ్చి గోనెపట్ట చుట్టండి, ఆ మట్టి రంగు మీద బుర్ర రంగు బాగా పలుకుతుంది. ఒక్కోదాని చుట్టూ నాలుగడుగుల చోటు వదలండి, ఇద్దరు ఎదురుపడినా భుజం తగలకూడదు. కాలనీ హాలుకు పిల్లలు వస్తారు, రావాలి కూడా.

బుర్ర అడుగు గుండ్రంగా ఉంటుంది, దొర్లుతుంది. చాలామంది బంకతోనో టేపుతోనో అంటిస్తారు, తీసేటప్పుడు రంగు ఊడుతుంది. మీ ఇంట్లో నీళ్లకుండ కింద పెట్టే చుట్టకుదురు ఉంటుంది కదా, అదే చేయండి. గడ్డినో పాతచీర పేలికలనో పురితిప్పి చుట్టిన కుదురు మీద బుర్ర ఎంత నిబ్బరంగా కూర్చుంటుందో చూస్తే మీకే తెలుస్తుంది. నోరు తెరిచిన బుర్రలైతే లోపల చిన్న సంచిలో గుప్పెడు ఇసుక వేయండి, ఫ్యాను గాలికి కదలవు. చిల్లులు కొట్టిన దీపపు బుర్ర ఉంటే ఎల్ఈడీ బల్బు మాత్రమే పెట్టండి. పాతరకం బల్బు వేడికి పెంకు మాడుతుంది.

చిత్రాల గురించి మీకు ఎక్కువ చెప్పనక్కరలేదు. హాలు గోడకు మేకులు కొట్టనివ్వరు కాబట్టి, పైన గొట్టం కట్టించి నైలాను తీగలతో వేలాడదీయండి. ప్రతి చిత్రం నడిబిందువు నేల నుంచి 4 అడుగుల 9 అంగుళాల ఎత్తున ఉండేలా కొలవండి. చిత్రాలు చిన్నవైనా పెద్దవైనా ఆ గీత తప్పకపోతే గోడ ప్రశాంతంగా ఉంటుంది. నీటిరంగుల చిత్రాలను పడమటి కిటికీ ఎదురుగా పెట్టకండి. మన ఎండ జనవరిలో కూడా చిన్నది కాదు.

ప్రతి వస్తువు పక్కనా చిన్న అట్ట ఉండాలి. పేరు, చేసినవారి పేరు, ఊరు, ఏ రంగులు, ఏ సంవత్సరం. బుర్రకు ఇంకొక రెండు వాక్యాలు కలపండి. కాయ ఎక్కడ కాసింది, ఎన్ని నెలలు ఎండింది అని. ఇది అలంకారానికి రాసేది కాదు. పల్లెలో పుట్టిన ప్రతి మనిషికీ సొరబుర్ర ఏదో ఒక జ్ఞాపకమే. దాంట్లో విత్తనాలు దాచిన ఇళ్లున్నాయి, చేనికి నీళ్లు మోసుకెళ్లినవాళ్లున్నారు, నడుముకు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లున్నారు. వీణ దండికి ఒక కొసన ఉండే గుండ్రటి బుర్ర సంప్రదాయంగా సొరదే. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర మోగేది సొరబుర్రల వల్లే. 2022లో దాన్ని వాయించే దర్శనం మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ వాద్యాన్ని దేశమంతా చూసింది. బుర్రకథకు ఆ పేరు తంబుర బుర్రనుంచే వచ్చింది. బస్తరు ఆదివాసులు దీన్ని తుమా అంటారు, కాల్చిన ఇనుముతో దాని మీద గీతలు గీస్తారు. సముద్రాల అవతల పెరూ దేశంలోనూ వేల ఏళ్లనాటి చెక్కిన బుర్రలు తవ్వకాల్లో దొరికాయి. వీటిలో రెండు మూడు సంగతులు పెద్ద అక్షరాలతో ఒక అట్టమీద రాసి హాలు మొదట్లో పెట్టండి. చదివి లోపలికి వచ్చినవాళ్లు బుర్రను చూసే చూపే వేరుగా ఉంటుంది.

నా కళ్లతో చూసినది చెబుతాను. ఒక ఊళ్లో నిర్వాహకులు నా బుర్రలను చెప్పులు విడిచే చోట బల్ల వేసి పెట్టారు. మూడు రోజులూ వచ్చిన ప్రతివాళ్లూ చేతిలోకి తీసుకుని, “యాభైకి ఇస్తారా?” అని అడిగి కింద పెట్టేశారు. మరుసటి ఏడాది అవే బుర్రలను ఇంకోచోట నడిహాల్లో, కుదురు మీద, అట్ట రాసి పెట్టాను. ఎవరూ బేరమాడలేదు. ఒకాయన ఒక్కో దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వాళ్ల అవ్వ ఇంట్లో ఉప్పు దాచిన బుర్ర గురించి నాకు పావుగంట చెప్పారు. ఆ తరువాత చెప్పిన ధరకే రెండు కొన్నారు.

ధర విషయంలో నాది ఒకటే పద్ధతి. ఎన్ని రోజుల పని, రోజుకు ఎంత కూలి, సామాను ఖర్చు ఎంత. ఉదాహరణకు ఆరు రోజులు పట్టిన పనికి రోజుకు 700 రూపాయలు వేసుకుంటే 4,200. రంగులకూ వార్నిషుకూ 300. మొత్తం 4,500. ఇక్కడే మీరు గట్టిగా నిలబడాలి. చిత్రానికి కట్టిన రోజుకూలీయే బుర్రకూ కట్టాలి. కాన్వాసు మీద చేసిన రోజు ఎక్కువ, సొరపెంకు మీద చేసిన రోజు తక్కువ అనడానికి నాకు ఏ కారణమూ కనబడదు. ఏడుగురూ ముందే కూర్చుని ఆ రోజుకూలీ ఎంతో ఒప్పుకోండి, ధర అట్టమీద రాయండి, మూడు రోజులూ ఎవరి కోసమూ తగ్గించకండి. చుట్టాలు అడుగుతారు. వాళ్లకు ఇవ్వాలనిపిస్తే ప్రదర్శన అయ్యాక కానుకగా ఇవ్వండి. తక్కువ డబ్బుతో ఏదైనా కొనుక్కుని వెళ్లాలనుకునేవారి కోసం పోస్టుకార్డంత నీటిరంగు బొమ్మలు, బుర్ర ముక్కలతో చేసిన లోలాకులు ఒక పళ్లెంలో పెట్టండి. గుమ్మం దగ్గర బల్ల కావాలంటే వాటికి వేసుకోండి.

రసీదు పుస్తకం ఒకటి అచ్చు వేయించండి. అందులో ఒక వాక్యం తప్పక ఉండాలి: వస్తువు మాత్రమే అమ్మబడింది, కాపీహక్కు కళాకారులదే. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చిత్రాన్ని అమ్మినంత మాత్రాన దాన్ని అచ్చువేసే హక్కు కొన్నవారికి పోదు. అది కళాకారుల జీవితకాలమూ, ఆ తరువాత 60 ఏళ్లూ వాళ్లదే, వాళ్ల వారసులదే. అసలు ప్రతిని కొన్నవారు తరువాత 10,000 రూపాయలకు మించిన ధరకు మళ్లీ అమ్మితే అందులో కొంత వాటా అడిగే హక్కు కూడా ఆ చట్టంలోని 53ఎ సెక్షనులో ఉంది. ఇప్పుడు ఇది దూరపు మాటగా అనిపించవచ్చు. మన ప్రాంతంలో చాలామంది చిత్రాలు ఇలాగే క్యాలెండర్ల మీదికి ఎక్కాయి, వేసినవాళ్లకు ఆ క్యాలెండరు కూడా అందలేదు.

మీ అత్తగారికి హస్తకళాకారుల గుర్తింపు కార్డు లేకపోతే దరఖాస్తు పెట్టించండి. కేంద్ర జౌళి శాఖ కింద హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ‘పహచాన్’ పేరుతో ఇస్తుంది. ప్రభుత్వ మేళాల్లో అంగడి అడగాలన్నా, శిక్షణలకు వెళ్లాలన్నా అది పనికొస్తుంది.

తేదీల గురించి ఒక సూచన. భోగి, సంక్రాంతి, కనుమ రోజుల్లో ఎవరూ ఇల్లు వదలరు. కనుమ మర్నాటి నుంచి పెట్టండి. బెంగళూరు నుంచి పండుగకు వచ్చినవాళ్లు తిరిగి బస్సెక్కే ముందు ఒక సాయంత్రం తీరికగా ఉంటారు, వాళ్లు వస్తారు. ప్రారంభ సభ పెట్టి ఉపన్యాసాలతో రెండు గంటలు పోగొట్టకండి. దీపం మీ అత్తగారి చేత వెలిగించండి, అంతే. రోజూ సాయంత్రం ఆవిడ ఒక గంట హాల్లోనే కూర్చుని చెక్కితే ఇంకా మంచిది. ఉలి కింద నుంచి సన్నటి చెక్కపొట్టు లేస్తుంటే పిల్లలు అక్కడే కూర్చుండిపోతారు, వాళ్లతో వచ్చిన పెద్దవాళ్లూ కదలరు.

పగిలిన ఆ రెండు కాయలను పారేయకండి. వాటినీ నీడన ఎండనివ్వండి. ఆఫ్రికాలో పగిలిన బుర్రలను నారతో కుట్టి వాడుకుంటారు, ఆ కుట్టే ఒక అలంకారమైపోతుంది. వచ్చే ఏటికి మీ అత్తగారు అలా ఒకదాన్ని కుట్టి చూడవచ్చు. రెండోదాన్ని చీలిన చోటే కోసి, లోపలి గుజ్జు, గింజలు కనబడేలా గుమ్మం దగ్గర ఉంచండి. పక్కన ‘తాకి చూడవచ్చు’ అని రాసిపెట్టండి. లోపల ఉన్న తొమ్మిదింటినీ ముట్టుకోవద్దని చెప్పాక, ముట్టుకోవడానికి ఒకటైనా ఉండాలి.